మావాడి పక్క చోటు

నాకు అసూయ ఎక్కువ. పక్కింట్లో కూర మాడినా ఆ మాడు వాసన మా ఇంటి కూర కంటే బాగుందేమో అనుకునే రకం నేను. అయితే ఒకడు మేడ కట్టాడనో, ఇంకొకడు బండి కొన్నాడనో ఎప్పుడూ కుళ్ళుకోలేదు. నా కడుపుమంటంతా ఒక్క మనిషి చుట్టూనే తిరిగేది. అతను నాకు చుట్టమూ కాదు, చిన్నప్పటి నేస్తమూ కాదు. అతన్ని నేను ‘మావాడు’ అనేవాణ్ణి. ఇప్పటికీ అలాగే అంటాను.

సారపాక కాగితం మిల్లులో మేమిద్దరం ఒకే మిషన్ మీద, ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్ళం. అతను ఆపరేటర్, నేను అతని జత. మిషన్ దగ్గర జత అంటే మాటలు కాదు. షిఫ్టు మొత్తం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ గడపాలి. ఆ హోరులో చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా సగమే వినబడుతుంది కాబట్టి మాటలన్నీ చేతులతోనే. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే కాగితం తెగిందని, పిడికిలి ఎత్తితే ఆపమని, బొటనవేలు చూపిస్తే కానివ్వమని. ఇవి అందరికీ తెలిసినవే. ఇవి కాక మా ఇద్దరికే తెలిసిన సైగలు కొన్ని ఉండేవి. బుగ్గ మీద వేలు రాస్తే ఇవాళ టీ కడుగునీళ్ళలా ఉందని అర్థం. చెవి తమ్మె పట్టుకుంటే ఆఫీసరు వస్తున్నాడని. ఆ చెవి తమ్మె సైగ నేను కనిపెట్టింది. ఆ సంగతి మావాడు నలుగురిలో ఒప్పుకునేవాడు కూడా, నాకదో గొప్ప.

చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన ప్లగ్గులు జేబుల్లో వేసుకుని తిరిగేవాళ్ళం, తప్పు మాదే. అందుకని చెవులు మందగించి మిల్లు బయట కూడా మేం గొంతు చించుకునే మాట్లాడతాం. మాకది మామూలు మాటలాగే ఉంటుంది. హోటల్లో ఇడ్లీ చెప్పినా సర్వరు బెదిరిపోయి చూస్తాడు.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాతి సంగతి ఇది. మిల్లులో కొత్త మిషన్ నిలబెట్టారు. దాని మీదికి మావాణ్ణి ఆపరేటర్‌గా తీసుకున్నారు. జతగా ఎవరు కావాలో నువ్వే పేరు చెప్పు అన్నారు. మరమ్మతులకు మిల్లు ఆపే షట్‌డౌన్ సెలవులు ముగిసేలోపు చెప్పాలి. వేరే ఎవరికైనా అయితే అది ఆలోచించాల్సిన విషయం. నాకు మాత్రం అందులో ఆలోచించడానికి ఏముందో అర్థం కాలేదు. నా పేరు చెప్పడానికి ఒక్క క్షణం చాలదా. కానీ మావాడు వారమైనా ఎవరితోనూ ఏమీ అనలేదు. నేను అడగలేదు. అడిగితే అడిగి తీసుకున్నట్టు అవుతుంది. అడగకుండా ఇస్తేనే నాకు కావాలి.

ఈ చెప్పకపోవడం వెనక ఎవరున్నారో నాకు తెలుసు. కొత్తవాడు. అశ్వారావుపేటలో పామాయిల్ ఫ్యాక్టరీలో పనిచేసి మా మిల్లుకు వచ్చినవాడు. వయసులో మాకంటే చిన్న. ఆ ముందటి వానాకాలం నాకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు నా చోట మావాడి పక్కన నిలబడ్డాడు. నేను లేచి వచ్చేసరికి నా చోటు నాకు ఇచ్చేశాడు గానీ, మావాడి దగ్గర కూర్చోవడం మాత్రం మానలేదు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానన్నట్టు, ఇంకా మా మిషన్ సంగతే పూర్తిగా తెలియనివాడు కొత్త మిషన్ గురించి మావాడితో గంటలు గంటలు చర్చలు పెట్టేవాడు. నేను పక్కనే కూర్చుని తలూపేవాణ్ణి.

షట్‌డౌన్‌లో మాకు సెలవులు దొరికాయి. జలపాతాలు చూసుకుంటూ ఘాట్ దిగి సముద్రం దాకా పోదామన్నాడు మావాడు. సముద్రం మేమిద్దరం చూడలేదు. చూస్తే ఇద్దరం ఒకేసారి చూడాలని ఎప్పుడో అనుకున్నాం. ఆ అనుకోవడం కూడా మిషన్ పక్కన చేతులతోనే జరిగింది. మావాడు గాలిలో అలలు గీశాడు, నేను బొటనవేలు ఎత్తాను. కనుక ప్రయాణం అనగానే నా గుండె పొంగింది. మరునాడు తెల్లవారి జీపు నా క్వార్టర్ ముందు ఆగేసరికి ముందు సీట్లో మావాడి పక్కన కొత్తవాడు కూర్చుని ఉన్నాడు.

“ఎక్కు రా, జల్దీ,” అన్నాడు మావాడు. “ఈయనకు కాకినాడ అంతా ఎరుకనే. నూనె ట్యాంకర్ల ఎంబడి మస్తుసార్లు పోయిండు.”

“నమస్తే అన్నా,” అన్నాడు కొత్తవాడు నవ్వుతూ. నేను వెనక సీట్లో కూర్చుని తలుపు కొంచెం గట్టిగానే వేశాను.

జీపు భాయ్‌ది, నడిపేదీ ఆయనే. సారపాకలో ఆయనకు టైర్ల దుకాణం ఉంది. వాళ్ళ తాతలనాటి నుంచీ ఖమ్మంలో ఇదే వ్యాపారం. మిల్లు మనుషులతో కలిసి తిరుగుతాడు గానీ మా గొంతులంటే ఆయనకు భయం. “తలుపు మెల్లగ వెయ్ భాయ్, అది నీకేం చేసింది,” అన్నాడు అద్దంలోంచి నన్ను చూస్తూ. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

గోదావరి వంతెన దాటి, భద్రాచలం దాటి, చింతూరు రోడ్డు పట్టాం. నాలుగు రోజులుగా ముసురు. అడవి కడిగినట్టుంది. దారి పొడుగునా వెదురు పొదలు. మిల్లు మనుషులం కదా, వెదురు కనబడితే మాకు చెట్టు కనబడదు, కాగితమే కనబడుతుంది. ఆ పొద ఎన్ని రీళ్ళ కాగితం అవుతుందని మావాడూ నేనూ పందెం వేసుకోవడం ఎప్పటి నుంచో అలవాటు. నేను వెనక నుంచి ముందుకు వంగి ఒక పొద చూపించాను. మావాడు వినలేదు. ముందు సీట్లో ఇద్దరూ కొత్త మిషన్‌లో కాగితం ఆరబెట్టే డ్రయ్యర్ల గురించి మాట్లాడుకుంటున్నారు. అరుచుకుంటున్నారు అంటే సరిగ్గా ఉంటుంది. నేను వెనక్కి జారగిలబడి నా పందెం నేనే వేసుకుని నేనే గెలిచాను.

చింతూరు దాటి మోతుగూడెం దారి పట్టాక ఒక వాగు అడ్డం వచ్చింది. వాగు మీద చప్టా, చప్టా మీదుగా ఎర్రటి నీళ్ళు. అవతలి ఒడ్డున ఆర్టీసీ బస్సు ఆగి ఉంది. బస్సు దిగిన గూడెం మనుషులు కొందరు గొడుగుల కింద, కొందరు తలమీద గోనెసంచులు కప్పుకుని, తొందరేమీ లేనట్టు కూర్చుని వాళ్ళ భాషలో మాట్లాడుకుంటున్నారు.

మావాడు ముందుకు వంగి అద్దంలోంచి చూశాడు. “మోకాలెత్తు గూడ లేవు. పోనియ్ భాయ్.”

భాయ్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఆలోచించాడు. “మీరెట్లంటే అట్ల. నాకైతే మంచిగనిపిస్తలేదు.”

నాకూ మంచిగా అనిపించలేదు. కానీ కొత్తవాడు అప్పటికే తల అడ్డంగా ఊపుతున్నాడు. అది చూసేసరికి నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

“మావాడు పొమ్మన్నంక పోవుడే,” అన్నాను. “గీ వాగు మాకు కొత్తనా.”

“వద్దన్నా,” అన్నాడు కొత్తవాడు. “బస్సే ఆగిందంటే మనదెంత. నీళ్ళ కింద ఏముందో తెలీదు. మీరు వెళ్తానంటే వెళ్ళండి, నేను మాత్రం రాను.” అంటూ తన సంచి తీసుకుని నిజంగానే జీపు దిగి రోడ్డు మీద నిలబడ్డాడు.

పిరికివాడు, మావాడి ముందు పరువు పోగొట్టుకున్నాడు, ఇంక వీడి పని అయిపోయింది అని నాకు లోపల పండగ. మావాడు కోపంతో రెండు తిట్లు తిడతాడని ఎదురుచూశాను. మావాడు కొత్తవాడి వైపు చూసి, భాయ్ ముందు నుంచి చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.

చాలాసేపు అక్కడే ఉన్నాం. నీళ్ళు తీశాక చూస్తే, మేం పోదామనుకున్న వైపు చప్టా అంచు ఒక మూల తెగి కొట్టుకుపోయి ఉంది. భాయ్ నోట్లోనే ఏదో దువా చదువుకుని, రెండో అంచుకు ఆనించి మెల్లగా దాటించాడు. నేనూ చచ్చేవాణ్ణే అని ఆ క్షణాన నాకు తట్టలేదు. వాడన్నది నిజమైంది కదా అని మాత్రం ఒళ్ళు మండింది.

పొల్లూరు జలపాతం దగ్గరికి చేరేసరికి ఆకలి మీద ఉన్నాం. తెచ్చుకున్న పులిహోర తిని కిందికి దిగాం. ఆ నీటి హోరు వినగానే మావాడి ముఖం వెలిగిపోయింది. సరిగ్గా మా మిషన్ హాలులో నిలబడ్డట్టే ఉంది. మాటలు ఆగిపోయి చేతులు లేచాయి. భాయ్ ఒక్కడే “ఏందీ, ఏందీ” అని అరుస్తూ మధ్యలో తిరిగాడు. నాకు ఆ హోరు చల్లగా తగిలింది. ఇక్కడ మాటలు చెల్లవు, ఇక్కడ సైగలే, సైగలంటే మావాడూ నేనూ అనుకున్నాను.

సెలవుల్లో వచ్చిన కాలేజీ పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక పెద్దమనిషి రాళ్ళ మీదుగా వస్తున్నాడు. తెల్ల చొక్కా, నడుం మీద చేతులు, అచ్చం మా ఆఫీసరు నడక. నేను మావాడి వైపు తిరిగాను. మావాడు అప్పటికే చెవి తమ్మె పట్టుకున్నాడు. పట్టుకుని చూస్తున్నది కొత్తవాడి వైపు. కొత్తవాడు పడీపడీ నవ్వుతూ తనూ చెవి తమ్మె పట్టుకుని చూపించాడు.

మన పళ్ళెంలో అన్నం ఇంకొకడు కలుపుకున్నట్టు ఉంటుంది ఆ బాధ. ఏమీ పోదు, ముద్ద మిగిలే ఉంటుంది, కానీ చెయ్యి పెట్టబుద్ధి కాదు. నా టైఫాయిడ్ రోజుల్లో నేర్పి ఉంటాడు. నేను మంచంలో గంజి తాగుతుంటే వీళ్ళిద్దరూ నా సైగతో నవ్వుకున్నారన్నమాట. నేను కెమెరా తీసుకుని జలపాతాన్ని ఫోటోలు తీస్తున్నట్టు నటించాను. మావాడు పిలిచి తమ ఇద్దరినీ కలిపి ఒక ఫోటో తీయమని సైగ చేస్తే తీశాను. కావాలనే కొత్తవాడి తల తెగేట్టు తీద్దామనుకున్నాను గానీ, రీలు కడిగించాక చూస్తే ఇద్దరూ నిండుగా, చక్కగా పడ్డారు.

అంతలో మావాడికి పై బండ మీదికి ఎక్కి నీటి కింద నిలబడాలనిపించింది. నాచు పట్టిన బండ. మా ఇద్దరి వైపూ తిరిగి, ఎక్కనా అని చేత్తో అడిగాడు. ఇదైనా నాకు మిగిలిందని నేను బొటనవేలు ఎత్తాను. కొత్తవాడు పిడికిలి ఎత్తాడు. మావాడు నా వేలు చూశాడు, అతని పిడికిలి చూశాడు, చెప్పులు తిరిగి తొడుక్కున్నాడు.

ఆ రాత్రి ఎక్కడ పడుకున్నామో, ఏం తిన్నామో నాకు సరిగ్గా గుర్తు లేదు. మారేడుమిల్లి ఘాట్ అందం గురించి ఎవరైనా చెబితే తలూపుతాను గానీ నేను చూసింది మావాడి మెడ వెనక భాగమే. మలుపు మలుపుకీ అది కొత్తవాడి వైపు తిరిగేది.

మర్నాడు మధ్యాహ్నం దాటాక ఉప్పాడ రోడ్డు మీద సముద్రం వచ్చింది. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను, నిద్ర కాదు, అలక. “అదిగో అన్నా సముద్రం,” అన్నాడు కొత్తవాడు, తన పొలం చూపించినట్టు. మావాడు “అబ్బ” అన్నాడు. నేను కళ్ళు తెరిచేసరికి మావాడు చూసేశాడు. నాకంటే ముందు, ఇంకొకడు చూపిస్తే చూశాడు. మొదటిసారి సముద్రం చూసినవాడికి ఏమనిపిస్తుందో నన్నడిగితే, కోపం వస్తుందని చెబుతాను.

కెరటాలు కొట్టకుండా ఒడ్డున పెద్ద పెద్ద బండలు వేశారు. భాయ్, నేను ఒక బండ మీద కూర్చుని మొక్కజొన్న కంకులు తింటున్నాం. మావాడు కొత్తవాడి భుజం మీద చెయ్యి వేసి, మాట్లాడాలన్నట్టు కొంచెం దూరం తీసుకుపోయాడు. మాకు వీపు పెట్టి కూర్చున్నారు. రహస్యం మాట్లాడుకునేవాళ్ళు ఎలా తలలు దగ్గర పెట్టుకుంటారో అలాగే పెట్టుకున్నారు. మిల్లు మనుషులం మేం ఎక్కడా రహస్యం మాట్లాడకూడదు. సముద్రం హోరు వాళ్ళ చెవుల్లో మిషన్‌లా మోగుతోంది, దాన్ని దాటించి ఒకరికొకరు గుసగుసలాడుకుంటున్నారు. గాలి సముద్రం మీంచి మా వైపే కొడుతోంది. కంకులు కాల్చే ఆమె కూడా విసనకర్ర ఆపి వినసాగింది.

“కొత్త మిషన్‌కు నీ పేరే ఇచ్చిన,” అన్నాడు మావాడు. “వచ్చే ముందు దినమే ఇచ్చిన. వానికి ఇప్పుడే చెప్పకు. దారిల మనసు ఖరాబ్ చేస్కుంటడు.”

“అన్న ఏమనుకుంటాడో అన్నా,” అన్నాడు కొత్తవాడు అంతే గట్టిగా. “ఆయన కదా మీ జత.”

“నేను జూస్కుంట. నువ్వైతే ఏం మాట్లాడకు.”

భాయ్ నా మోకాలి మీద చెయ్యి వేశాడు. “విననట్టు కూసో భాయ్. ఇంటికి పోయినంక మాట్లాడుకోవచ్చు.”

విననట్టు ఎలా కూర్చోవాలి. రోడ్డు మీద పోయే సైకిలువాడు కూడా విన్నాడు. నేను కంకి అక్కడే పారేసి బండల మీదుగా పోయాను. నన్ను చూడగానే కొత్తవాడు లేచి నిలబడ్డాడు. మావాడు లేవలేదు. నా ముఖం చూసి, తర్వాత భాయ్ వైపు చూసి, తమ మాటలు ఎంత దూరం పోయాయో లెక్క కట్టుకున్నాడు.

“నువ్ జర పక్కకు పో తమ్మీ,” అన్నాడు కొత్తవాడితో. కొత్తవాడు జీపు వైపు పోయాడు.

“కూసో,” అన్నాడు నాతో.

“కూసోను. నేనేం తక్కువ జేసిన నీకు?”

“తక్కువేం జెయ్యలే. మన మిషన్ మీద నా కుర్చీకి నీ పేరిచ్చిన. నువ్విప్పుడు ఆపరేటర్‌వి. సారు గూడ సరే అన్నడు.”

ఆ మాటకు నేను సంతోషపడాలి. మా ఇంట్లో వింటే పాయసం వండుతారు. నాకు మాత్రం ఇంకా మండింది. ఒకచోట నుంచి లేపేసి ఇంకోచోట ఆకు వేస్తే విందు అవుతుందా.

“నాకు కుర్చీ ఎవరడిగిండ్రు?” అన్నాను. “పదేండ్లు నీ పక్కన నిలబడ్డ. నిన్నగాక మొన్నొచ్చినోడు నాకంటె ఎక్కువయిండా? నాకంటె పని తెలుసా వానికి?”

“లేదు. నీ అంత తెల్వదు.”

“మరేంది?”

మావాడు చేతిలోని చిన్న రాయి నీళ్ళలోకి విసిరాడు. “అది కొత్త మిషన్ రా. అది ఎట్ల నడుస్తదో ఎవ్వనికి ఎరుక లేదు, నాకు గూడ లేదు. నేను తప్పు జేస్తుంటె ఆగు అనేటోడు పక్కన ఉండాలె. నీకు జ్వరమొచ్చినప్పుడు వాడు గట్లనే ఆపిండు. నిన్న వాగుల పోదామన్న. నువ్వేమన్నవ్?”

నేను కెరటాల వైపు తిరిగాను.

“జలపాతం కాడ బండ మీదికెక్కుత అన్న. నువ్వేం జూపిచ్చినవ్?”

బొటనవేలు ఎత్తిన చేతిని నేను వెనక్కి పెట్టుకున్నాను.

“పదేండ్ల సంది అట్లనే. నేనేదంటె అదే. ఒక్కసారన్న నన్ను కాదన్నవా? నువ్వే చెప్పు.”

నిలబడి వెతికాను. కాగితం తెగిన రాత్రులు, వేడి తగ్గించాల్సిన చోట మావాడు పెంచిన రోజులు, తప్పని తెలిసీ నేను వాల్వు తిప్పిన రోజులు అన్నీ వచ్చాయి. కాదన్న రోజు ఒక్కటీ రాలేదు. అతని పక్కన కూర్చున్నాను.

“మస్తుసార్లు అనాల్ననిపిచ్చింది,” అన్నాను.

“మరి ఎందుకనలే?”

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. “అంటె నువ్వు ఇంకోణ్ణి జూస్కుంటవని.”

మావాడు నా వైపు తిరిగాడు. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి, ఉప్పుగాలికో ఏమో నాకు తెలియదు.

“గట్ల అననందుకే గదరా ఇంకోణ్ణి జూస్కోవాల్సొచ్చింది,” అన్నాడు.

ఆ మాటను కూడా నేను కాదనలేకపోయాను.